రాబోయే మందుకి పెట్టె డిజైన్ చేశాను: నా అనుభవం

నేను భీమవరంలో ఫ్లెక్సీలు, శుభలేఖలు డిజైన్ చేస్తాను. సంక్రాంతి, ఆ వెంటనే మావుళ్లమ్మ ఉత్సవాలు, ఆ రోజుల్లో అసలు ఊపిరాడదు. పుట్టినరోజైనా వర్ధంతైనా వచ్చినవాళ్లు అడిగేది ఒకటే, "బాబూ, మొహం కాస్త తెల్లగా చెయ్యి, మచ్చలు తీసెయ్యి." ఫొటోషాప్‌లో అదెంతసేపు. ఇదే పని ఫొటోకి కాకుండా మొహానికే చేసే మాత్ర వస్తే, దాని పెట్టె ఎలా ఉంటుంది?

ఇలా రేపటి వస్తువుని ఇవాళే చేసి చూపించి, ఇది మనకి కావాలా అని అడగడాన్ని స్పెక్యులేటివ్ డిజైన్ అంటారు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఆంథొనీ డన్, ఫియోనా రాబీ అనే డిజైనర్లు దీనికి పేరు తెచ్చారు.

నాది మరీ గాల్లోంచి పుట్టిన ఊహ కాదు. బొటాక్స్ మొదట మెల్లకన్నుకి వాడిన మందు. అమెరికాలో 1989లో దానికి అనుమతి వచ్చింది, కనుబొమల మధ్య ముడతలకి 2002లో. మన దగ్గర చూస్తే, డాక్టరు చెబితేనే వాడాల్సిన స్టిరాయిడ్ క్రీముల్ని తెల్లబడతామని నెలల తరబడి రాసుకుని చర్మం పల్చబడి, ఎర్రబడి బాధపడుతున్నవాళ్లు ఎంతమందో.

పెట్టెకి బంగారు ఫాయిల్, నవ్వే అమ్మాయి బొమ్మ వద్దనుకున్నాను. అవి ఉంటే అందరూ సబ్బు అనుకుని వదిలేస్తారు. మెడికల్ షాపు బాబాయి ఇచ్చిన ఖాళీ పెట్టెలు టేబుల్ మీద పరిచి, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చెప్పే ఎర్ర గీత ఎక్కడ వస్తుందో, బ్యాచ్ నంబరు ఎంత సైజులో వేస్తారో స్కేలుతో కొలిచాను. తెల్ల పెట్టె, పక్కన నిలువుగా ఎర్ర గీత, "ప్రతి మాత్రలో: మీరు పంపిన ఫొటో". అంతే.

ఎక్కువ కష్టపడింది లోపలి కాగితం మీద. దుష్ప్రభావాలు ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను: ఆధార్ ఫొటోతో మొహం కలవకపోవచ్చు, తోబుట్టువులతో పోలిక తగ్గవచ్చు, మానేస్తే పాత మొహం తిరిగి వస్తుందన్న హామీ లేదు.

ప్రెస్ ఆయన ప్రింట్ చేయనన్నారు. "రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?" న్యాయమైన మాటే. "ఇది మందు కాదు, నమూనా మాత్రమే" అని నాలుగు వైపులా వేశాక ఒప్పుకున్నారు.

షాపు కౌంటర్ మీద పెట్టాను. ఒక రిటైర్డ్ మాస్టారు కళ్లజోడు సర్దుకుని కాగితం మొత్తం చదివారు. పింఛనుదారులు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే డిజిటల్ ధ్రువపత్రం జీవన్ ప్రమాణ్‌కి 2021 నుంచి ఫోన్లో మొహం చూపించే పద్ధతి ఉంది కదా, "అయితే నా పింఛను ఆగిపోదూ?" అన్నారు. శుభలేఖల కోసం వచ్చిన ఒకావిడ మాత్రం పెట్టె ముందువైపే చూసి, కూతురికి పనికొస్తుందా అని అడిగింది. మందు కాదమ్మా అని చూపించాను. చదివి, "మరి ఎప్పటికొస్తుంది?" అంది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇప్పుడు రెండో పెట్టె చేస్తున్నాను, ఇందులో పేరు కంటే పెద్ద అక్షరాలతో దుష్ప్రభావాలన్నీ ముందువైపే ఉంటాయి.