ఔన్సుల లెక్క

అమెరికాలో పసిబిడ్డను డేకేర్‌లో చేర్చేటప్పుడు నింపమని ఇచ్చే కాగితాల్లో పాల గురించి ఒక గడి ఉంటుంది. ఒక్కోసారి ఎన్ని ఔన్సులు, ఎన్ని గంటలకోసారి అని. డబ్బా పాలు పట్టేవాళ్లు క్షణం ఆలోచించకుండా రాసేస్తారు. తల్లిపాలు తాగే బిడ్డ విషయంలో ఆ అంకె ఎవరి దగ్గరా ఉండదు. పిల్ల ఏడ్చింది, ఒళ్లోకి తీసుకున్నాను, తాగినంత తాగింది, వదిలేసి నిద్రపోయింది. పుట్టినప్పటి నుంచీ జరిగింది ఇంతే. ఇందులో ఔన్సు ఎక్కడని వెతికేది? గడి ఖాళీగా వదిలితే మాత్రం ఒప్పుకోరు. సోమవారం నుంచి రోజుకు తొమ్మిది గంటలు పిల్ల వాళ్ల దగ్గర ఉంటుంది. సీసాలో ఎంత పోయాలో వాళ్లకు తెలియాలి కదా!

తల్లిపాలు కొలవాల్సిన అవసరం, బిడ్డ ఆరోగ్యంగా ఎదుగుతున్నంత కాలం, బిడ్డ వల్ల రాదు. తల్లి ఉద్యోగం వల్ల వస్తుంది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటూ, ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని చేస్తూ, పిల్లకు పాలిచ్చిన తర్వాత నాకు కలిగిన అభిప్రాయం ఇది.

అసలు మూలం సెలవు దగ్గర ఉంది. 1993లో వచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం ఇక్కడి తల్లికి 12 వారాలు ఇస్తుంది, అదీ జీతం లేకుండా. ఆ సంస్థలో ఏడాది నిండి ఉండాలి, ఆ ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి, సంస్థలో కనీసం 50 మంది ఉద్యోగులు ఉండాలి. చిన్న కన్సల్టెన్సీల ద్వారా వచ్చినవాళ్లకు, ఈమధ్యే ఉద్యోగం మారినవాళ్లకు ఈ షరతుల్లో ఏదో ఒకటి అడ్డం పడుతుంది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా జీతంతో కూడిన సెలవు ఇస్తున్నాయి. వాటిలో టెక్సస్ లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మరో నెల అడగడానికి నోరు రాక మూడో నెలలోనే ఆఫీసుకు వచ్చేయడం నేను చూశాను. మన దేశంలో 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు ఉంది. తల్లిపాలు తప్ప మరేదీ పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఆరు నెలలూ అందులోనే గడిచిపోతాయి. హైదరాబాదులో నాలాంటి పనే చేసే స్నేహితురాలికి ఆ ఆరు నెలల్లో చుక్క కొలిచే పని పడలేదు. అక్కడైనా కూలికి వెళ్లే తల్లికి, నాలుగిళ్లలో అంట్లు తోమే తల్లికి ఆ చట్టం అందదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఇక గడిలో రాయాల్సిన అంకె. ఒక ఔన్సు అంటే దాదాపు 30 మిల్లీలీటర్లు. పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు 71 మంది తల్లీబిడ్డల జంటలను తీసుకుని, 24 గంటల పాటు పాలు పట్టే ముందు, పట్టిన తర్వాత బిడ్డను తూచి, ఆ ఫలితాలను 2006లో ప్రచురించారు. ఒకటి నుంచి ఆరు నెలల లోపు పిల్లలు రోజుకు సగటున 788 గ్రాములు తాగారు. అంటే సుమారు 26 ఔన్సులు. సగటు సంగతి అలా ఉంచి రెండు కొసలు చూడండి. ఒక బిడ్డ 478 గ్రాములు, మరో బిడ్డ 1,356 గ్రాములు. ఆ పిల్లలందరూ బాగానే ఎదుగుతున్నారు. పక్కింటి బిడ్డ తాగే పాలతో మన బిడ్డ పాలు పోల్చడం ఎంత అర్థం లేని పనో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఇంకో సంగతి అంతకంటే ముఖ్యం. మొదటి నెల దాటాక ఆరో నెల దాకా ఈ పరిమాణం పెద్దగా పెరగదు. బిడ్డ పెరుగుతుంది కానీ పెరిగే వేగం తగ్గుతూ వస్తుంది కాబట్టి ఆ పాలే సరిపోతాయి. డేకేర్ ఆయాలకు అలవాటైన డబ్బా పాల లెక్క వేరు. నెల పెరిగితే సీసా పెరగాలని వాళ్ల నమ్మకం. "నాలుగో నెల వచ్చింది, ఇంకా మూడు ఔన్సులేనా?" అని మా పిల్ల గదిలో ఉండే ఆవిడ అడిగింది. ఆవిడ మంచి మనిషి, నలుగురు పిల్లలను పెంచిన తల్లి. దూరంగా ఉండే గంటకు ఒకటి, ఒకటింపావు ఔన్సు చొప్పున లెక్క వేసుకోమని తల్లిపాల సలహాదారులు చెప్పే పద్ధతిని ఆవిడకు కాగితం మీద వేసి చూపించాను. తొమ్మిది గంటలకు తొమ్మిది నుంచి పదకొండు ఔన్సులు. అవి చిన్న సీసాల్లో మూడేసి ఔన్సులుగా వెళ్తాయి. పెద్ద సీసా పంపితే పిల్ల సగం తాగి వదిలేస్తుంది. నోరు పెట్టిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. ఎంత కష్టపడి పిండిన పాలో తెలిసిన మనిషికి సింకులో అవి తెల్లగా జారిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ కష్టం ఎలా ఉంటుందో చెబుతాను. మా ఆఫీసు రెండో అంతస్తులో, ప్రింటర్ల గది పక్కన, తల్లుల కోసం ఒక గది ఉంది. ఒక కుర్చీ, చిన్న బల్ల, ఒక ఫ్రిజ్, తలుపుకు లోపలి గడియ. పాలు పిండే పంపు మొదట చకచకా చిన్నగా లాగుతుంది, పిల్ల నోరు పెట్టగానే చేసినట్టు. చేపు వచ్చాక, అంటే పాలు దిగడం మొదలయ్యాక, నెమ్మదిగా, గట్టిగా లాగే దశకు మారుతుంది. ఆ చేపు రావడమే గగనం. యంత్రం ముందు కూర్చుని, మరో పావుగంటలో మీటింగ్ ఉందని గడియారం చూస్తూ ఉంటే శరీరం మొండికేస్తుంది. కంగారు పడితే చేపుకు కారణమైన ఆక్సిటోసిన్ హార్మోను వెనక్కి తగ్గుతుంది. పిల్ల వీడియో పెట్టుకుని చూసేదాన్ని. ఏడుస్తున్న వీడియో అయితే ఇంకా త్వరగా పనిచేసేది. కుడివైపు రెండున్నర ఔన్సులు వచ్చిన పూట ఎడమవైపు ఒకటిన్నర. ఉదయం వచ్చినంత మధ్యాహ్నం రాదు. సీసా మీద ఒక పక్క ఔన్సుల గీతలు, ఇంకో పక్క మిల్లీలీటర్లు. పాల మీద నురగ తేలితే ఏ గీత చదవాలో తెలియదు. నేను నురగ కింద గీతే చదివేదాన్ని. తర్వాత సీసాకు పేరు, తేదీ రాసి అంటించాలి. ఐసు ముక్కల సంచిలో పెట్టాలి. టెక్సస్ ఆగస్టు ఎండలో కారులో ఇంటికి చేర్చాలి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, బయట గది వేడిలో నాలుగు గంటలు అన్నది ఇక్కడి ఆరోగ్య శాఖ చెప్పే హద్దు. గడ్డకట్టించినవి ఆరు నెలల దాకా బాగుంటాయి.

ఆ గది ఎవరి దయాదాక్షిణ్యం వల్లా వచ్చింది కాదు. 2010లోనే గంటల లెక్కన పనిచేసేవాళ్లకు ఒక నియమం వచ్చింది. 2022 డిసెంబరులో వచ్చిన పంప్ చట్టం దాన్ని నెల జీతం వాళ్లలో చాలామందికి విస్తరించింది. బిడ్డ పుట్టిన ఏడాది వరకు అవసరమైనప్పుడల్లా విరామం ఇవ్వాలి. ఎవరూ చూడని, ఎవరూ చొరబడని చోటు ఇవ్వాలి, అది మరుగుదొడ్డి కాకూడదు. ఈ చివరి మాట చట్టంలో రాయాల్సి వచ్చిందంటే అంతకు ముందు తల్లులు ఎక్కడ కూర్చునేవారో ఊహించుకోవచ్చు. కొత్తగా వచ్చిన మన అమ్మాయిలు మగ మేనేజరును ఈ గది ఎలా అడగాలా అని మథనపడుతుంటారు. కారణం విడమరిచి చెప్పనక్కర లేదు. కేలండర్‌లో ఆ సమయాలు నింపేసి, పంప్ విరామం అని ఒక్క ముక్క రాస్తే చాలు. నేను చూసినంతలో ఇక్కడి మగవాళ్లకు ఆ మాట వింటే మనకు కలిగే ఇబ్బందిలో పదో వంతు కూడా కలగదు.

ఈ అంకెల గోల మా అమ్మకు మొదట్లో మహా చిరాకు. కాన్పుకని తణుకు నుంచి వచ్చి, సందర్శకుల వీసా మీద ఇచ్చే ఆరు నెలలూ ఉంది. పిల్లకు పాలిస్తుంటే చూసినవాళ్ల దిష్టి తగులుతుందని కొంగు చాటు చేయించే మనిషి. ఆ పాలు గీతలున్న సీసాలో పోసి, వెలుతురుకు పట్టి చూడటం, ఫోనులో రాయడం ఆవిడకు ఘోరంగా తోచింది. "కొలిస్తే నిలవవే, పాలూ అంతే, పంటా అంతే" అనేది. వెల్లుల్లి కారం, మెంతులు, సొరకాయ కూర తన వంతుగా వండి పెడుతూనే ఉంది. మెంతులతో పాలు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం దొరకదు. కానీ పగలంతా పంపుతో కుస్తీ పట్టి వచ్చిన మనిషికి ఎవరో వేడి వేడి అన్నం వడ్డించడం కంటే మేలు ఏముంటుంది?

అమ్మ చూసే గుర్తులు వేరు. పాలు తాగేటప్పుడు గుటక వినపడుతోందా? ఆకలితో బిగుసుకున్న పిడికిలి తాగుతుండగా విచ్చుకుంటోందా? గుడ్డలు ఎన్ని తడుస్తున్నాయి? పిల్లల డాక్టరు అడిగినవీ అవే. అయిదో రోజు దాటాక రోజుకు ఆరు తడి డైపర్లకు తగ్గకూడదు. పుట్టగానే కాస్త తగ్గిన బరువు రెండు వారాల్లో తిరిగి రావాలి, ఆ తర్వాత మొదటి మూడు నెలలూ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. పంపులో ఎన్ని ఔన్సులు వచ్చాయని ఆ డాక్టరు ఒక్కసారి కూడా అడగలేదు. పంపులో వచ్చేది పంపు లాగగలిగినంత. పిల్ల నోటికి అందే పాలు వేరు, చాలాసార్లు ఎక్కువ.

అయినా ఒకసారి తూయించాను. పంపులో వస్తున్నవి తగ్గుతున్నాయని భయం పట్టుకుంటే తల్లిపాల సలహాదారు దగ్గరకు వెళ్లాను. రెండు గ్రాముల తేడాను కూడా పట్టే తూకం బల్ల మీద పిల్లను పడుకోబెట్టింది. బట్టలు, డైపర్ తీయనివ్వలేదు. పాలు పట్టాక అదే డైపర్‌తో, అవే బట్టలతో మళ్లీ పెట్టాలి. మధ్యలో పిల్ల ఒంటేలు పోసినా ఆ బరువు డైపర్‌లోనే ఉంటుంది కాబట్టి లెక్క చెడదు. రెండో తూకంలో 94 గ్రాములు ఎక్కువ. గ్రాముకు మిల్లీలీటరు అనుకోవచ్చు, అంటే మూడు ఔన్సుల పైమాటే. ఆ ఉదయం పంపులో అందులో సగమే వచ్చింది. ఆవిడ వెంటనే జాగ్రత్త చెప్పింది. ఇది ఈ ఒక్క పూట సంగతి, మరో పూట నలభై తాగవచ్చు, నూట యాభై తాగవచ్చు, ఇంట్లో తూకం బల్ల కొనుక్కుని కూర్చోవద్దు. మన ఊళ్లో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పరు.

పర్సంటైల్ గొడవ వేరే ఉంది. ఎదుగుదల పటంలో 20వ పర్సంటైల్ అని డాక్టరు అనగానే తెలుగు తల్లిదండ్రుల ముఖాలు ఎంసెట్‌లో ర్యాంకు రాని రోజులా పాలిపోతాయి. వందలో ఇరవై మంది పిల్లలు ఈ గీత కిందే ఉంటారు, వాళ్లూ ఆరోగ్యవంతులే. చూడాల్సింది పిల్ల తన గీత పట్టుకుని పైకి వెళ్తోందా అని మాత్రమే. రెండేళ్ల లోపు పిల్లలకు ఇక్కడ వాడే పటం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చింది. దాన్ని తల్లిపాలు తాగిన పిల్లలను చూసి, ఆరు దేశాల్లో కొలిచి తయారుచేశారు. వాటిలో కాలిఫోర్నియాలోని డేవిస్‌తో పాటు మన ఢిల్లీ కూడా ఉంది. మన పిల్లలు సన్నం, అమెరికా పటం మనకు పనికిరాదు అని పార్టీల్లో చెప్పుకునే మాటకు అందువల్ల బలం లేదు.

అమ్మ తిరుగు విమానం ఎక్కింది. ఆ వారంలోనే ఫోను చేసి, కుశల ప్రశ్నలకంటే ముందు, "ఈ పూట ఎన్ని ఔన్సులు తాగిందే?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడకు కోపం వచ్చింది. ఒళ్లో పిల్ల ఉన్నంత కాలం పిడికిలి చూసింది, గుటక విన్నది. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల కూర్చున్నాక ఆవిడకు మిగిలింది అంకె ఒక్కటే, ఆఫీసులో నాకు మిగిలినట్టే. డేకేర్ వాళ్లు సాయంత్రం ఇచ్చే చీటీని ఫోటో తీసి రోజూ పంపేదాన్ని. తొమ్మిదింటికి మూడు, పన్నెండింటికి రెండున్నర, మూడింటికి మూడు. రెండున్నర ఉన్న రోజు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చేది.

ఆరో నెల దాటాక చీటీలో కొత్త వరుస చేరింది. పాలు సాగుతూనే ఉన్నాయి, వాటితో పాటు మెత్తగా మెదిపిన చిలగడదుంప, మూడు చెంచాలు. ఫోటో వెళ్లిన రెండు నిమిషాల్లో తణుకు నుంచి ఫోను వచ్చింది. "మూడు చెంచాలంటే ఏ చెంచా? ఉప్పు చెంచానా, కూర గరిటెనా?"