ఆదివారం ఫోనులో చెప్పడానికి

ఒడిశాలోని మా బరంపురం హాస్టల్లో ఆదివారం సాయంత్రం ఫోన్ల టైం. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు. వార్డెన్‌ని కాబట్టి నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను, మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. "తిన్నావా?" "తిన్నా." "చదువుతున్నావా?" "ఆఁ." "ఒంట్లో బాగుందా?" "బాగుంది." రెండు నిమిషాలకే అయిపోతుంది. మిగతా మూడు నిమిషాలూ అటు తల్లి, ఇటు బిడ్డ ఊరికే ఫోన్ పట్టుకుని ఉంటారు. వారమంతా అదే గంట, అదే మెస్, అదే గ్రౌండ్. కొత్తగా చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏముంటుంది?

అందుకే నెలకో ఆదివారం పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాల్సిందేనని రెండేళ్ళ కిందట పట్టుబట్టాను. నేను అంతకుముందు పనిచేసిన ఒక హాస్టల్లో ఆదివారమంటే పొద్దున స్టడీ అవర్, మధ్యాహ్నం టీవీ. పిల్లలు గోడకి ఆనుకుని గేటు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ చూపు ఇంకోచోట చూడకూడదనుకున్నాను. మా పిల్లలు ఎక్కువమంది గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగిళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, ఇంగ్లీషు. కొందరి అమ్మానాన్నలు పనికోసం విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. విజిటింగ్ డేకి అందరికీ రావడం కుదరదు.

గోపాలపురం సముద్రం మాకు పదహారు కిలోమీటర్లే, చాలాసార్లు వెళ్ళాం. తప్తపాణి వేడినీళ్ళ ఊట చూశాం. చంద్రగిరి దగ్గర టిబెటన్ల ఆరామానికీ వెళ్ళొచ్చాం. కానీ 2025 ఏప్రిల్‌లో ఋషికుల్య తీరానికి చేసిన ప్రయాణం వేరు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట దాదాపు ఏడు లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టాయని పేపర్లన్నీ రాశాయి. ఒక్కో తల్లి గూడు తవ్వి వందకు అటూఇటూగా గుడ్లు పెడుతుంది, ఇసుకతో కప్పేసి వెళ్ళిపోతుంది. నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి. అంటే ఏప్రిల్. లెక్క వేసుకుని అటవీశాఖ వాళ్ళని అడిగాం, ఇళ్ళకి ఉత్తరాలు పంపి అనుమతులు తెప్పించుకున్నాం. ఇరవై ఎనిమిది మంది పిల్లలు, మేం ముగ్గురు పెద్దవాళ్ళం, వంట ఆయన.

శనివారం రాత్రి ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. రెండున్నరకే లేపి, తలో గ్లాసు పాలు ఇచ్చి బస్సెక్కించాను. ఇద్దరిద్దరిని జోడీ కట్టాం: ఎక్కడున్నా నీ జోడీ నీకు కనబడాలి. వాంతులొచ్చే వాళ్ళ చేతిలో నిమ్మకాయలు. ఛత్రపురం దాటాక రోడ్డు పక్కన మొగలి పొదలు హెడ్‌లైట్ల వెలుగులో గుబురుగా కనబడ్డాయి. గంజాం మొగలి అత్తరుకి పేరున్న ప్రాంతం ఇది. తీరానికి చేరి తలలు లెక్కపెడితే ఇరవై ఏడే వచ్చాయి. ఆ రెండు నిమిషాల టెన్షన్ మాటల్లో చెప్పలేను. చూస్తే వెనక సీటు కింద బ్యాగు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు ఆరో తరగతి పిల్లాడు. వాడి జోడీకి కూడా కునుకు పట్టేసింది. అప్పటినుంచి దిగేముందు ఒకసారి, దిగాక ఒకసారి లెక్కపెడుతున్నాం.

ఈ తీరంలో చేపలు పట్టేవాళ్ళు నోలియాలు. ఒడిశాలోనే పుట్టి పెరిగినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దాయన నోట తెలుగు వినగానే పిల్లల మొహాలు వెలిగాయి. "టార్చిలు ఆపేయండమ్మా. ఆటికి ఎలుగు ఎటుంటే అటే దారనుకుంటాయి" అన్నాడు. గూట్లోంచి బయటపడ్డ పిల్ల ఆకాశం కాస్త వెలుతురుగా ఉన్న వైపు, అంటే సముద్రం వైపు పాకుతుంది. వెనక రోడ్డు మీద, ఊళ్ళో లైట్లుంటే అటు తిరిగిపోతుంది. అందుకే ఊరి వైపు వల కట్టి, దానికి తగులుకున్నవాటిని ఊరి కుర్రాళ్ళు బక్కెట్లలో తెచ్చి నీళ్ళకి దగ్గరలో వదులుతున్నారు. శాస్త్రవేత్తలు ఈ తీరాన్ని 1994లో గుర్తించారు. ఊరివాళ్ళకి తాతల నాటి నుంచీ తెలుసు. నవంబరు 1 నుంచి మే 31 దాకా నదీముఖం చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్ల మేర సముద్రంలో వేట నిషేధం. ఆ ఏడు నెలల భారం మోసేది ఈ ఇళ్ళే. అయినా రాత్రంతా మేలుకుని బక్కెట్లు మోస్తున్నది కూడా వీళ్ళే. ఆ మాట పిల్లలకి అక్కడే, ఆయన ముందే చెప్పాను.

చీకటి పలచబడుతుంటే ముందు ఇసుక కదిలింది. తర్వాత చిన్న గుంట పడి, అందులోంచి ఒక తల, ఒక రెక్క. కాసేపట్లో ముద్దలు ముద్దలుగా, బూడిదరంగులో, అగ్గిపెట్టె అంతేసి తాబేలు పిల్లలు. మా పిల్లల్లో ఒక్కరూ కిక్కురుమనలేదు. మెస్‌లో పళ్ళేల చప్పుడుతో చెవులు గింగిర్లెత్తించే పిల్లలు వీళ్ళేనా అనిపించింది. ముట్టుకోవడానికి వీల్లేదు, చట్టం ఒప్పుకోదు. కాకుల్ని తోలమన్నారు. ఆ పని మాత్రం ప్రాణం పెట్టి చేశారు.

అప్పుడు ఐదో తరగతి పిల్ల ఒకతి, గుణుపురం నుంచి వచ్చింది, నా చీర కొంగు లాగింది. "మేడమ్, నా కాలు!" అంది. కాలికేదో గుచ్చుకుందనుకుని వంగాను. తడి ఇసుకలో తన అడుగు పడిన చోట ఒక తాబేలు పిల్ల దిగబడింది. మనకి అది బెత్తెడు లోతైనా లేని గుంట. దానికి బావి. రెక్కలు ఆడిస్తుంది, సగం దాకా ఎక్కుతుంది, ఇసుక జారి మళ్ళీ వెల్లకిలా పడుతుంది. పిల్లకి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చెయ్యి ముందుకి వెళ్తోంది. పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "దాన్ని ముట్టుకోకమ్మా. నీ గోడ తీసెయ్, అదే ఎల్తాది" అన్నాడు. ఆ అమ్మాయి చూపుడువేలితో అడుగు అంచుని కొంచెం కొంచెంగా గీరి, ఏటవాలు దారి చేసింది. తాబేలు పిల్ల ఒక నిమిషం కదల్లేదు. తర్వాత మెల్లగా ఎక్కి, అంచు దాటి, నీళ్ళ వైపు తిరిగింది. మొదటి అల వెనక్కి తోసేసింది. రెండోది తీసుకుపోయింది.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా వెనక్కి నడుస్తూ, నీటి అంచున తమ అడుగులన్నీ అరచేత్తో చదును చేసుకుంటూ వచ్చారు. ఇద్దరు షూలు విప్పేశారు, షూ గుర్తులు ఇంకా లోతుగా పడుతున్నాయని.

తెల్లారాక గూళ్ళకి దూరంగా, బస్సు ఆపిన చోట పూరీ, బంగాళాదుంప కూర. ఒక పిల్లాడు పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం జేబులో తెచ్చుకున్నాడు. ఇసుకలో నల్లచార ఉన్న చోట దాన్ని ఆడిస్తే నల్లటి రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకున్నాయి. ఇంక తిండి సంగతి అందరూ మర్చిపోయారు. ఈ ఇసుకలో ఇల్మెనైట్ లాంటి ఖనిజాలున్నాయని, ఛత్రపురంలో వాటిని వేరుచేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉందని చెప్పాను. ప్రోగ్రాంలో లేని ఈ అరగంటని నేను ఆపలేదు. టైంటేబుల్ ప్రకారం అంతా జరగాలంటే వాళ్ళకి హాస్టల్ చాలుగా.

అక్కణ్ణించి పురుషోత్తంపురం దగ్గర జౌగడ. తారాతారిణి కొండని కిందనుంచే దణ్ణం పెట్టుకుని దాటేశాం, చైత్రమాసపు రద్దీలో పిల్లలతో ఎక్కడం నా వల్ల కాదనుకున్నాను. జౌగడ అంటే లక్క కోట. పాండవుల లక్క ఇల్లు కథతో ముడిపెట్టి చెప్పుకుంటారు. బండ మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటి అశోకుడి శాసనాలు. అవి చెక్కిన బ్రాహ్మీ లిపిలో 'క' అచ్చం ప్లస్ గుర్తులా, 'ఠ' సున్నాలా ఉంటాయని కాగితం మీద గీసి చూపించాను. తెలుగక్షరాలైనా, ఒడియా అక్షరాలైనా ఆ లిపిలోంచి వచ్చినవే. కటకటాల ఇవతల నిలబడి, అరిగిపోయిన రాతిలో ప్లస్ గుర్తుల కోసం వెతకడం మొదలుపెట్టారు. కనబడినప్పుడల్లా ఒక కేక.

"మనుషులందరూ నా బిడ్డలే" అన్న మాట ఇక్కడి ప్రత్యేక శాసనాల్లో ఉంది. అది చెప్పి, కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని అశోకుడే వేరేచోట్ల తన పదమూడో శాసనంలో చెక్కించాడని, అది మాత్రం ఇక్కడ లేదని చెప్పాను. ఏడో తరగతి పిల్లాడు కాసేపు ఆలోచించి, "ఎవరి ఊళ్ళో జరిగిందో వాళ్ళకే చెప్పలేదా మేడమ్?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. వాణ్ణి ఆ ప్రశ్న నోట్‌బుక్కులో రాసుకోమన్నాను.

తిరుగు ప్రయాణంలో అందరూ నిద్ర. నాలుగున్నరకి హాస్టల్, స్నానాలు, ఐదింటికి ఫోన్ల లైను.

గుణుపురం పిల్ల ఫోన్ చేసేది వాళ్ళ అమ్మమ్మకి. ఎప్పుడూ లైన్లో అందరికన్నా ముందు ఫోన్ తిరిగి ఇచ్చేసేది తనే. ఆ రోజు నిలబడలేక కింద కూర్చుంది. "కాదమ్మమ్మా, నేను ముట్టుకోలేదు. గోడ తీశానంతే. నా కాలి గోడ." మధ్యలో చూపుడువేలితో గచ్చు మీద గీసి చూపిస్తోంది, అవతల ఆవిడకి కనబడుతున్నట్టే. ఐదు నిమిషాలయ్యాయి. పది అయ్యాయి. వెనక నిలబడ్డవాళ్ళు గొడవ చెయ్యలేదు, తను మర్చిపోయినవి అందిస్తున్నారు. నేను గడియారం వైపు చూశాను. తను నా వైపు చూసి, ఫోన్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"పెట్టెయ్యకు అమ్మమ్మా, ఇంకా రాయి సంగతి చెప్పలేదు."