కాండర్‌స్టెగ్‌లో మా గైడ్స్‌తో ఒక రోజు: నా అనుభవం

స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లలను గైడ్స్ అంటాం, వాళ్ళ దళాన్ని కంపెనీ అని, దాన్ని నడిపే పెద్దవాళ్ళను కెప్టెన్లని అంటాం. మా కంపెనీ నుంచి 14 మంది గైడ్స్‌ను తీసుకుని కెప్టెన్‌గా నేనూ, అసిస్టెంట్ కెప్టెనూ స్విట్జర్లాండ్‌లోని కాండర్‌స్టెగ్ వెళ్ళొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి తోటి కెప్టెన్లు, పిల్లల అమ్మానాన్నలు ఒకటే అడుగుతున్నారు, అంతమంది ఆడపిల్లలను ఊరుకాని ఊళ్ళో ఎలా తిప్పారని. వారం మొత్తం రాయను. షికారు కోసమే అట్టిపెట్టుకున్న ఒక్క రోజు గురించి రాస్తాను, ఎందుకంటే ఆ రోజు ప్లాన్ నాది కాదు, పూర్తిగా పిల్లలదే.

ముందు వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. స్విట్జర్లాండ్ వెళ్ళడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, మేము 3 నెలల ముందు మొదలుపెట్టాం కాబట్టి బతికిపోయాం. మైనర్లకు అమ్మానాన్నలిద్దరి సంతకాలతో అనుమతి పత్రం పెట్టాలి. మా మల్కాజిగిరి పాప వాళ్ళ నాన్న కువైట్‌లో ఉంటారు, ఆయన అక్కడ సంతకం అటెస్ట్ చేయించి కొరియర్ పంపేదాకా మాకు నిద్ర లేదు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకుండా ఉండాలి. మాకు చేసిపెట్టిన ఏజెంట్ ఇద్దరు పిల్లల పాస్‌పోర్ట్ నంబర్లు తారుమారు చేశాడు, అపాయింట్‌మెంట్ ముందు రాత్రి మా అసిస్టెంట్ కెప్టెన్ వేలు పెట్టి ఒక్కో అంకె చదువుతుంటే బయటపడింది. ఇంకో విషయం, మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి తీసుకెళ్ళనివ్వరు. అమ్మమ్మలు కట్టిచ్చిన నెయ్యి సీసాలు, పాలకోవాలు శంషాబాద్ బయల్దేరే ముందే వెనక్కి ఇచ్చేశాం. చింతపండు పులిహోర పేస్టు, పుట్నాల పొడి, పల్లీ పట్టీలు మాత్రం వచ్చాయి.

కాండర్‌స్టెగ్ చుట్టూ కొండలున్న చిన్న ఊరు. అక్కడి అంతర్జాతీయ స్కౌట్ కేంద్రం 1923 నుంచి ఉంది. లోట్ష్‌బర్గ్ రైలు సొరంగం తవ్వే రోజుల్లో కట్టిన పాత ఇంటితో మొదలైందట, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ కోరుకున్నట్టు ఏ దేశపు స్కౌట్లయినా ఎప్పుడైనా వచ్చి కలిసి ఉండే చోటు అది. 1931లో మొదటి ప్రపంచ రోవర్ మూట్, అంటే యువ స్కౌట్ల ప్రపంచ సమ్మేళనం, ఆ ఊళ్ళోనే జరిగింది. అక్కడ పనిచేసే వాలంటీర్లు గులాబీ రంగు స్వెట్టర్లు వేసుకుంటారు, అందరూ వాళ్ళను పింకీలు అంటారు. మా పిల్లల్లో ఇద్దరి ముద్దుపేరు ఇంట్లో పింకీయే, ఇక చూసుకోండి మొదటి రోజంతా ఆ సందడే.

షికారు రోజుకు నేను అనుకున్నది పొద్దున్నే ఓషినెన్ సరస్సు, సాయంత్రం టొబాగన్. మా పిల్లలు మల్లె, తామర అని రెండు పట్రోల్స్, అంటే చిన్న జట్లు. మల్లె పట్రోల్ లీడర్, తామర పట్రోల్ లీడర్ ఇద్దరూ ముందు రోజు సాయంత్రమే ఒక పింకీ దగ్గర కూర్చుని వాతావరణం అడిగి వచ్చారు. మధ్యాహ్నం తర్వాత మబ్బు పడుతుంది, తడిస్తే టొబాగన్ ఆపేస్తారు, కాబట్టి ముందు అదే, తర్వాత సరస్సు, 4 గంటలకల్లా వెనక్కి తిరగాలి అని కాగితం మీద రాసి తెచ్చారు. "మేడమ్, మీరు సంతకం పెడితే పట్రోల్స్‌కు చెప్తాం" అన్నారు. చదివాను, నా ప్లాన్ కంటే బాగుంది, సంతకం పెట్టాను. జట్టు పనులు జట్టు పిల్లలే నడుపుకోవాలి, అదే పట్రోల్ సిస్టమ్ అని ట్రైనింగుల్లో ఏళ్ళ తరబడి చెబుతాం కదా, పిల్లల చేతికి నిజంగా ఇచ్చి చూడండి అని ప్రతి కెప్టెన్‌కీ చేతులు జోడించి చెప్పాలనిపిస్తుంది.

ఊళ్ళోంచి గొండోలా, అంటే తీగల మీద వేలాడుతూ వెళ్ళే పెట్టె, ఎక్కితే పది నిమిషాల్లోపే పైకి తీసుకెళ్తుంది. క్యూలో డెన్మార్క్ స్కౌట్లు కలిశారు. ఎడమ చేతులు చాచారు. స్కౌట్ షేక్‌హ్యాండ్ ఎడమ చేత్తోనే అని మా వాళ్ళకు తెలుసు, రోజూ చేసేదే, అయినా ఎడమ చెయ్యి ఇవ్వకూడదని ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచి విన్న పిల్లలు, ముఖం తెలియని విదేశీయులు అదే చెయ్యి నవ్వుతూ చాచేసరికి ఒక్క క్షణం ఆగి, తర్వాత వదలకుండా ఊపేశారు. బ్యాడ్జీలు మార్చుకున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి తన స్కార్ఫ్ ఇచ్చి మా పాప స్కార్ఫ్ తీసుకుంది.

టొబాగన్ అంటే మంచు మీద జారేది కాదు, కొండవాలు మీద 750 మీటర్ల లోహపు దారి, అందులో చిన్న బండి, చేతిలో ఒక బ్రేకు. ఎత్తులంటే భయపడే మా చిన్న పాప మొదటిసారి బ్రేకు గట్టిగా పట్టుకునే దిగింది, వెనకున్న వాళ్ళంతా ఆగిపోయారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడోసారికి కేకలు పెట్టుకుంటూ దిగింది. ఆ కేక నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

అక్కడి నుంచి సరస్సుకు దాదాపు అరగంట నడక. 1,578 మీటర్ల ఎత్తులో, మూడు వైపులా నిటారు గోడల్లాంటి కొండలు, పైన బ్లూమ్లిసాల్ప్ అనే పర్వతం మీది మంచు, కింద పచ్చా నీలం కలిసిన నీళ్ళు. జూన్ మొదటి వారమైనా దారి పక్కన అక్కడక్కడా మంచు మిగిలే ఉంది. హైదరాబాద్‌లో రోడ్డు మీద కాలు పెట్టలేని ఎండలోంచి వచ్చిన పిల్లలు నీళ్ళలో పాదాలు పెట్టి అరనిమిషం ఉండలేకపోయారు.

అప్పుడు తామర పట్రోల్ పాప, మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటుంది, చుట్టూ చూసి "మేడమ్, దీనికి అలుగు ఏది?" అంది. అంత మంచి ప్రశ్న నాకు తట్టలేదు. ఎప్పుడో కొండ విరిగిపడి లోయకు అడ్డంగా కట్టలా నిలిస్తే ఏర్పడిన చెరువు అది, పైకి కనిపించే అలుగూ లేదు, తూమూ లేదు, నీళ్ళు ఆ రాళ్ళ కింద నుంచే ఊరి వైపు దిగిపోతాయి. హుస్సేన్ సాగర్‌కు మనుషులు కట్ట పోశారు, ఇక్కడ కొండే పోసింది అని పిల్లలే చెప్పుకున్నారు. ఇప్పటికీ పైన ఒక కొండకొమ్ము కదులుతోందని, కింద కొన్ని దారులు మూసేశారని బోర్డులు ఉన్నాయి. మూసిన దారి వైపు ఎవరూ వెళ్ళకూడదని రెండు పట్రోల్స్ చేతా చెప్పించుకున్నాను.

చపాతీ, పుట్నాల పొడి తిని లేచేసరికి మబ్బు దిగింది. దిగింది అంటే, ఎదురుగా ఉన్న కొండ ఐదు నిమిషాల్లో లేకుండా పోయింది. 4 కాకముందే వెనక్కి తిరిగాం. గొండోలా స్టేషన్ దగ్గర నంబరింగ్. మా పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక నంబరు, ఎక్కడ ఆగినా వరసగా అరవాలి. 8 వినిపించింది, తర్వాత ఏమీ లేదు. 9, 10 లేరు. గుండె జారిపోయింది.

విజిల్ తీసి మూడు పొట్టి, ఒకటి పొడుగు ఊదాను, పట్రోల్ లీడర్లు పరిగెత్తుకొచ్చారు. చివరిసారి ఎక్కడ చూశారు, ఎవరు చూశారు, రెండు ప్రశ్నలే. అసిస్టెంట్ కెప్టెన్‌ను మిగతావాళ్ళతో స్టేషన్‌లోనే కూర్చోబెట్టి, మల్లె లీడర్‌ను తీసుకుని వెనక్కి నడిచాను. కొంచెం దూరం పోగానే వినిపించింది విజిల్. ఆగి ఆగి, లెక్కపెట్టాం, నిమిషంలో 6. తర్వాత నిమిషం నిశ్శబ్దం. మళ్ళీ 6. అది ఆల్ప్స్ పర్వతాల్లో సాయం కోరే గుర్తు. దానికి జవాబు నిమిషానికి 3. ఏప్రిల్‌లో వికారాబాద్ అనంతగిరిలో పొద్దంతా అదే ప్రాక్టీస్ చేయించాం, మూసీ పుట్టిన కొండల్లో నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుందని అనుకోలేదు. నేను 3 ఊదేలోపే ఇంకో వైపు నుంచి 3 వినిపించాయి. ఆ డెన్మార్క్ పిల్లలే, మాకంటే ముందు చేరుకున్నారు.

అడ్డదారి అనుకుని పక్కకు తిరిగి, తడి వేరు మీద 10వ నంబరు పాప కాలు బెణికించుకుంది. 9వ నంబరు పాప ఆ డెన్మార్క్ స్కార్ఫ్ విప్పి, షూ తీయకుండానే మడమ చుట్టూ 8 ఆకారంలో కట్టు కట్టి, ఇద్దరూ పసుపు దారిబోర్డు కింద కదలకుండా కూర్చున్నారు. వెతుక్కుంటూ పోలేదు. "మేడమ్, దారి తప్పితే ఉన్నచోటే ఉండమన్నారు కదా" అంది. నాకు మాట రాలేదు, ఇద్దరినీ దగ్గరికి తీసుకుని ఏడ్చేశాను. విజిల్ విన్నప్పటి నుంచి వాళ్ళ దగ్గరికి చేరేదాకా పట్టింది 11 నిమిషాలు, వాచీలో చూశాను కాబట్టి చెబుతున్నా.

పాపను చేతుల కుర్చీ మీద స్టేషన్‌దాకా మోశాం. కాలు వాపు రాత్రికి తగ్గింది, మర్నాడు ఆమెకు నడక మాన్పించాం. హైదరాబాద్‌కు ఫోన్ చేసి వాళ్ళమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను, తర్వాత ఎవరి నోటనో వినడం కంటే నేనే చెప్పడం మేలని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "9వ నంబరు పాపకు ఫోన్ ఇవ్వండి" అన్నారు.

ఆ సాయంత్రం కిచెన్‌లో పులిహోర కలిపి డెన్మార్క్ వాళ్ళను పిలిచాం. కారానికి కళ్ళనీళ్ళు కారుతున్నా రెండోసారి వడ్డించుకున్నారు. లైట్లు ఆర్పాక పడుకున్న మంచాల మీది నుంచి ఎవరూ చెప్పకుండానే ఒక పిల్ల "1" అంది. 2, 3, వరసగా. 9, 10 కాస్త గట్టిగానే పలికాయి. 14 తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ అసిస్టెంట్ కెప్టెన్ 15 అంది, నేను 16 అన్నాను.