రెండో రాత్రి, ఊదా రంగు

ప్లాస్టిక్ సర్జరీ వార్డులో పదకొండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. పేషెంట్ల ఇంటివాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "సిస్టర్, రక్తం పలచబడే మందు ఇంకాస్త ఎక్కువ ఇవ్వొచ్చు కదా?"

ఆ రాత్రి అడిగింది ఒక పేషెంటు భార్య. ఆయనకు క్యాన్సర్ ఉన్న దవడ తీసేసి, కాలిలోని సన్న ఎముకను దాని మీది చర్మంతో సహా తెచ్చి అమర్చారు. దీన్నే ఫ్రీ ఫ్లాప్ అంటాం. ఆ ముక్క బతకాలంటే మెడలో కలిపిన ఒక ధమని, ఒక సిర తెరుచుకుని ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల గొట్టాలవి. మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. కుట్టేటప్పుడు, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ అనే మందు కలిపిన సెలైన్‌తో వాటి లోపల కడుగుతారు. తర్వాత పొట్ట మీద చిన్న డోసు ఇంజెక్షన్. కొందరు సర్జన్లు ఆస్పిరిన్ కూడా ఇస్తారు. ఎవరి పద్ధతి వాళ్లది, అందరూ ఒప్పుకున్న లెక్కంటూ లేదు.

నిజానికి ఈ మందులతో రక్తం పలచబడదు, గడ్డకట్టే వేగం తగ్గుతుంది, అంతే. ఎక్కువైతే కోసిన చోటల్లా రక్తం ఊరుతుంది.

మొదటి మూడు రోజులే అసలు గండం. అందుకే గంటగంటకూ టార్చ్ వేసి చూస్తాం. రాత్రి రెండింటికి నోట్లోని ఆ చర్మం ఊదా రంగుకు తిరిగింది. సూదితో గుచ్చితే నల్లటి రక్తం చప్పున వచ్చింది. లోపలికి వెళ్తున్న రక్తం బయటికి రావడం లేదన్నమాట. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేశాను. గంటలోపే థియేటర్‌కు తీసుకెళ్లాం.

తెరిచి చూస్తే సిర లోపల గడ్డ లేదు. మెడలో ఊరి పేరుకున్న రక్తం బయటినుంచి సిరను నొక్కేసింది. అది తీసేసి కడిగాక చర్మం రంగు తిరిగొచ్చింది. ఆమె అడిగినట్టు డోసు పెంచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

అందుకే ఆపరేషన్‌కు ముందే ఏ మాత్రలు వాడుతున్నారో అన్నీ చెప్పమని బతిమాలతాను. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు ఆస్పిరిన్ తాకితే మళ్లీ కోలుకోవు. కొత్తవి రావడానికి వారం పది రోజులు పడుతుంది. అలాగని గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా మానేయకూడదు, అది ఇంకా ప్రమాదం.

తెల్లవారాక ఆమెను పిలిచి, ఆ చర్మాన్ని వేలితో మెల్లగా నొక్కి చూపించాను. తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు వచ్చింది. "ఇంకోసారి చూపించు సిస్టర్" అంది.