గయలో మా జిల్లా మారిపోయింది

"నాన్న బతికుండగా గయకి ఎందుకొచ్చావు?" అని పండా, అంటే అక్కడ పిండాలు పెట్టించే పురోహితుడు, నిలదీశాడు. అడగడం సబబే. తండ్రి ఉన్నవాడు పితృదేవతలకి పిండం పెట్టకూడదు. పెట్టాల్సిన మా నాన్నకేమో మోకాళ్లు అరిగిపోయాయి, అంత దూరం రైల్లో రాలేరు. నేను వెళ్లింది పిండం కోసం కాదు, మా ముత్తాత రాసిన నాలుగు ముక్కల కోసం.

దీనికంతటికీ మూలం ఒక ఫొటో. మా ఇంట్లో ముత్తాతది ఉన్నది ఒక్కటే ఫొటో. కుర్చీలో కూర్చున్నాడు, చెవులకి పోగులు, నుదుట విభూతి రేఖలు. ఎడమ వైపు మూడో వంతు చెదలు తినేశాయి. పోయిన సంక్రాంతికి దాన్ని బాగుచేయించి గోడకి పెట్టించాలని మా ఊరి స్టూడియోలో ఇచ్చాను. 1,500 తీసుకుని కంప్యూటర్‌లో వేసి రంగులద్ది ఇచ్చాడు. విభూతి రేఖల్ని గీతలనుకుని తుడిచేశాడు, పోగులు మరకలనుకున్నాడు కాబోలు, అవీ లేవు. చెదలు తిన్న చోట పూలకుండీ మొలిచింది. మనిషి మాత్రం పట్టుపంచె యాడ్‌లో మోడల్‌లా నిగనిగలాడుతున్నాడు. నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఎవర్రా ఈయన?" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన ఎవరో మాకు నిజంగా తెలియదు. పిల్లల్లేక కాశీ, గయ వెళ్లొచ్చాడని, తర్వాతే తాతయ్య పుట్టాడని, అందుకే తాతయ్యకి శివుడి పేరు పెట్టారని నాయనమ్మ చెప్పేది. అంతే. గయలో పండాల దగ్గర మన వాళ్ల రాతలుంటాయని వినడమే గానీ, చూసినవాళ్లు మా చుట్టాల్లో ఎవరూ లేరు.

కాశీ గురించి ఇక్కడ రాయను, రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మొగల్‌సరాయ్‌కి (2018లో పేరు మార్చినా టీ అమ్మే కుర్రాళ్లకి అది ఇంకా మొగల్‌సరాయే) మా రైలు 5 గంటలు లేటుగా చేరింది, గయ బండి తప్పిపోయింది. తర్వాతి దాంట్లో తలుపు దగ్గర నిలబడే వెళ్లాను. డెహ్రీ దగ్గర సోన్ వంతెన ఎంతకీ తరగదు, కింద నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. నా పక్కనున్న ముసలాయన జేబులోంచి నాణెం తీసి నదిలోకి విసిరి దండం పెట్టాడు. రాజమండ్రి వంతెన మీద మా నాయనమ్మ చేసే పని.

గయ స్టేషన్ బయట అడుగు పెట్టానో లేదో, "బాబుగారూ, ఏ జిల్లా అండీ? గోత్రం ఏంటండీ?" అని తెలుగులో పలకరింపు. పండా మనిషి. పేరు అడగలేదు, జిల్లాతోనే వాళ్లకి పని. ఆటోలో ఎక్కించుకుని, విష్ణుపాదం గుడి వెనక, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులో ఒక పాత ఇంటికి తీసుకెళ్లాడు. ఆటోవాడికి 200 నాతో ఇప్పించాడు. తిరిగొచ్చేటప్పుడు అదే దూరానికి 20 ఇచ్చాను.

పిండం లేదని తెలిశాక పండా ముఖం ముడుచుకుంది. "పుస్తకం చూడ్డానికి ఇదేమన్నా లైబ్రరీనా?" అన్నాడట, ఆ మనిషి తెలుగులో చెప్పాడు. 5,100 అడిగాడు. నేను 1,000 అన్నాను. కాసేపు ఇద్దరం ఫ్యాన్ వంక చూశాం. చివరికి 2,100, దొరక్కపోయినా వెనక్కివ్వను అన్నాడు.

గుమస్తా లాంటి కుర్రాడు ఎర్రగుడ్డ దస్తరాలు మోసుకొచ్చాడు. పొడుగాటి పుస్తకాలు, గుడ్డ విప్పితే పాత బియ్యం బస్తా వాసన. జిల్లా, తాలూకా, ఊరు, కులం. ఆ వరసలోనే వెతకాలి. వచ్చిన ప్రతివాడూ తన చేత్తో తన భాషలో పెద్దల పేర్లు, పిల్లల పేర్లు రాసి సంతకం పెట్టి వెళ్లాడు. పశ్చిమ గోదావరి దస్తరం మొత్తం తిరగేశారు. తణుకు ఉంది, మా ఊరు లేదు. తూర్పు గోదావరి చూశారు. లేదు. పండా గడియారం చూసుకున్నాడు. 2,100 పోయాయనుకున్నాను.

అప్పుడు పండానే అడిగాడు, ఆయన ఎప్పుడొచ్చాడని. తాతయ్య 1926లో పుట్టాడు, అంతకు ముందే అన్నాను. "అలా చెప్పవేం" అన్నట్టు చూసి కుర్రాడికేదో చెప్పాడు. వాడు కృష్ణా జిల్లా దస్తరం తెచ్చాడు. మాది కృష్ణా కాదు మొర్రో అంటున్నా వినలేదు. నాకు ఆ తర్వాత వెలిగింది. 1904లో తణుకు, భీమవరం, ఏలూరు వైపు తాలూకాలని గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. పశ్చిమ గోదావరి పుట్టింది 1925లో. మా జిల్లా చరిత్ర నాకంటే బిహార్‌లో పండాకి బాగా తెలుసు!

పదో పుటో పన్నెండో పుటో తిప్పేసరికి మా ఊరి పేరు కనిపించింది. దాని కింద గుండ్రటి, కాస్త కుడివైపు వాలిన అక్షరాలు, గోధుమ రంగుకి తిరిగిన సిరా. మా నాన్న కూడా అలాగే వాల్చి రాస్తారు. దుర్మతి నామ సంవత్సరం, పుష్యమాసం అని ఉంది. 60 ఏళ్లకోసారి వచ్చే పేరు కాబట్టి 1861 అయినా కావచ్చు, 1921 అయినా కావచ్చు. కానీ పైన "కృష్ణా జిల్లా తణుకు తాలూకా" అని ఉంది కదా, ఇక 1921 తప్ప కుదరదు. పుష్యం అంటే దాదాపు 1922 జనవరి.

తండ్రి, తల్లి, తాత పేర్లు. తర్వాత "గతించిన నా జ్యేష్ఠ భార్య" అని ఒక పేరు. ఆ తర్వాత, మాకు తెలిసిన ముత్తవ్వ పేరు.

జ్యేష్ఠ భార్య గురించి మా ఇంట్లో ఏనాడూ వినలేదు. తాతల పేర్లు, అవ్వల పేర్లు తిప్పి తిప్పి పెట్టుకునే ఇల్లు మాది, ఒకే పేరుతో నలుగురుంటారు. ఆ పేరు మాత్రం ఒక్క ఆడపిల్లకీ లేదు. ఆయన గయ వెళ్లింది పిల్లల కోసమేనా, ఈవిడకి పిండం పెట్టడానికా? ఫోన్ తీసి ఫొటో చూశాను. స్టూడియోవాడిది కాదు, పాతది. చెదలు తిన్న అంచున, కుర్చీ చెయ్యి పక్కన కాస్త జరీ గీత లాంటిది ఉంది. తెర కుచ్చు అనుకునేవాళ్లం. పెద్దది చేసి చూస్తే చుక్కలు చుక్కలుగా విడిపోయింది. తెరే కావచ్చు.

పుట ఫొటో తీసుకోనివ్వలేదు. కాగితం మీద రాసుకున్నాను. నా వంతు కూడా రాయమని పండా పెన్ను ఇచ్చాడు. ఏళ్లుగా ఫోన్‌లో టైప్ చేయడమే, "జ్యేష్ఠ" రాయడానికి రెండుసార్లు కొట్టేశాను. అవును, ఆవిడ పేరు నా రాతలోనూ వేశాను. పిల్లల దగ్గర మా అమ్మాయి పేరు రాస్తే "బేటా?" అని అడిగాడు. లేడన్నాను.

బయటికొచ్చి తిల్కుట్ కొన్నాను. మన నువ్వుండల కంటే పొడిపొడిగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే రాలిపోతుంది. ఫల్గు నదిలో ఆనకట్ట వల్ల నీళ్లున్నాయి. సీత శాపంతో ఎండిన నదిని చూద్దామని వెళ్లినవాడికి అదో నిరాశ.

స్టేషన్ నుంచి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఎంత తీసుకున్నాడు?" అన్నారు.

"2,100."

"ఎక్కువే." కాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్‌వర్క్ పోయిందేమో అని హలో హలో అన్నాను. "ఉన్నాన్రా. ఆవిడ పేరు ఇంకోసారి చెప్పు, రాసుకుంటాను."