జూలై ఆఖరు, రీఫండ్ మెయిళ్లు

జూలై 28, సోమవారం

పొద్దున్నే ఇన్‌బాక్స్‌లో పైన ఉన్నది ఇదే: ‘మీకు రూ.18,640 ఆదాయపు పన్ను రీఫండ్ మంజూరైంది. 24 గంటల్లో బ్యాంకు వివరాలు ధ్రువీకరించండి.’ మామూలుగా రిటర్న్ గడువు జూలై 31. రిటర్న్ వేసి డబ్బు కోసం చూసేవాళ్లు, ఇంకా వేయక కంగారు పడేవాళ్లు, అందరూ మోసగాళ్లకు ఇప్పుడే దొరుకుతారు కాబట్టి ఇలాంటి దొంగ మెయిళ్లు ఈ వారంలోనే ఎక్కువ.

అక్షరదోషాలు చూసి దొంగ మెయిల్‌ని పట్టుకునే రోజులు పోయాయి. ఇందులో ఒక్క తప్పు లేదు, పైగా మూడు సింహాల ముద్ర కూడా ఉంది. పంపినవారి పేరు ‘ఆదాయపు పన్ను శాఖ’. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఫోన్‌లో జీమెయిల్ ముందు పేరే చూపిస్తుంది. ‘టు మీ’ పక్కనున్న బాణం నొక్కితే గానీ అసలు చిరునామా బయటపడదు.

లింకు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫోన్‌లో దాన్ని వేలితో అదిమి పట్టుకుంటే, కంప్యూటర్‌లో మౌస్ దాని మీదికి తెస్తే, ఎక్కడికి పోతుందో కనిపిస్తుంది. ఇవాళ్టిది ‘ఇన్‌కంటాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్’ అనే మొదలైంది. అంతవరకే చదివి చాలామంది నొక్కేస్తారు. దాని వెనకాల ఇంకేదో పేరు, చివర ‘డాట్ కామ్’ ఉన్నాయి. హెచ్‌టీటీపీఎస్ పక్కనున్న జంట స్లాష్‌లు దాటాక వచ్చే మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్నుంచి వెనక్కి చదవాలి. ఆ చివర ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ లేకపోతే ముందు ఏం తగిలించినా అది సర్కారుది కాదు.

అసలు రీఫండ్‌కి కార్డు నంబరు, సీవీవీ, పిన్ అక్కర్లేదు. శాఖవారి ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసిన (మనదేనని ధ్రువీకరించిన) ఖాతాలోకే డబ్బు పడుతుంది. నోటీసు అని వస్తే అందులోని డిన్ నంబరును (ఆ పత్రానికి శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య), లాగిన్ కాకుండానే, అదే పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. పోర్టల్ చిరునామా మాత్రం మనమే టైప్ చేయాలి.

డిలీట్ చేసి ఊరుకుంటే పక్కవాళ్లకు ఉపయోగం లేదు. కంప్యూటర్‌లో మూడు చుక్కలు నొక్కి ముందు ‘ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్’తో ‘వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కంటాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్’కి పంపి, ఆ తర్వాత ‘రిపోర్ట్ ఫిషింగ్’ కొట్టాలి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే హెడర్లు పోతాయి. మెయిల్ ఏ సర్వర్ నుంచి బయల్దేరిందో చెప్పేవి అవే. అదే మెనూలోని ‘షో ఒరిజినల్’లో చూస్తే, పంపిన డొమైన్ (చిరునామాలో ఎట్ గుర్తు తర్వాతి పేరు) నిజమైనదేనా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షలు మూడూ పాస్! ఆశ్చర్యమేం లేదు, ఆ డొమైన్ మోసగాళ్లు కొనుక్కున్నదే. పాస్ అంటే ఆ డొమైన్ పేరుతో నిజంగా వచ్చిందని అర్థం, అంతే.

ఎస్ఎంఎస్‌గా వస్తే టెలికం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, మోసపు సందేశాలపై ఫిర్యాదులు తీసుకునే ‘చక్షు’ విభాగానికి చెప్పాలి.

కార్డు వివరాలు ఇచ్చేసి డబ్బు పోతే మాత్రం ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకి మారిపోకముందే అయితే బ్యాంకులు ఆపగలవు. ఒకవేళ మెయిల్ పాస్‌వర్డే ఇచ్చేసి ఉంటే, అది మార్చాక సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా తెరిచి చూడాలి. అక్కడ మోసగాళ్లు తమ చిరునామా పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా మన మెయిళ్లు వాళ్లకి పోతూనే ఉంటాయి.