తడిసిన ఆనిక్స్

ఆదివారం, ఒంగోలు.

పొద్దున్నే అమ్మ కేక. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమందట. చెప్పులు వేసుకుని తియ్యమ్మా అన్నాను. పనికిమాలిన సలహా అని నాకూ తెలుసు. ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేస్తే పది నిమిషాల్లో వస్తానని పదకొండింటికి వచ్చాడు.

ఈలోగా హాల్లో మేనల్లుడి యుద్ధం. సెలవులకు చీమకుర్తి నుంచి వచ్చినప్పటి నుంచీ వాడికి పోకెమాన్ తప్ప మరో లోకం లేదు. రకరకాల శక్తులున్న వింత జీవులు పోట్లాడుకునే ఆట అది. నోటుపుస్తకంలో స్కేలు పెట్టి పట్టిక గీసుకున్నాడు. అడ్డంగా నీరు, నిప్పు లాంటి 18 రకాల శక్తులు, నిలువుగా అవే 18. 1996లో ఆట మొదలైనప్పుడు 15 ఉండేవట. చీకటి, ఉక్కు తర్వాత వచ్చాయి, 2013లో ఫెయిరీ చేరింది. ఎక్కాలు అడిగితే నీళ్లు నమిలేవాడు ఇవి మాత్రం తడుముకోకుండా అప్పజెబుతాడు. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు ఆకును కాలుస్తుంది, ఆకు నీటిని తాగేస్తుంది. గెలిచే చోట దెబ్బ రెట్టింపు, ఓడే చోట సగం.

ఆకు రాయిని గెలుస్తుందంటే మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. మా పిట్టగోడ పగుల్లోంచి రావి మొక్కను ఇప్పటికి మూడుసార్లు పీకాను. నీరు రాయిని గెలుస్తుందన్న చోట పేచీ వచ్చింది.

"క్వారీలో నాన్నవాళ్లు నీళ్లు పోసే కదా గ్రానైటు కోసేది?"

"కోసేది వజ్రాల వైరురా. నీళ్లు దాన్ని చల్లబరచడానికి."

"అయితే నీళ్లు లేకుండా కొయ్యమను చూద్దాం."

నా దగ్గర జవాబు లేదు.

పట్టికలో ఒక గడిలో ఎర్ర సిరాతో సున్నా కనిపించింది. నేల మీద కరెంటు దెబ్బ అసలు పనిచెయ్యదు. ఎందుకని అడిగితే, "నేలలోకి కరెంటు పోదు మామయ్యా" అన్నాడు.

అప్పుడు వచ్చాడు ఎలక్ట్రీషియన్. హోల్డరుకు బల్బు పెట్టి, ఒక తీగను ప్లగ్గులో ఫేజు రంధ్రంలో, రెండోదాన్ని ఎర్తు రంధ్రంలో పెట్టాడు. బల్బు వెలిగీ వెలగనట్టు ఎర్రగా మినుకుమంది. "ఎర్తు గుంట ఎండిపోయింది సార్" అన్నాడు. లీకైన కరెంటు నేలలోకి పోవడానికి పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపు ఉందన్న సంగతే మరిచిపోయాం. మట్టి నెర్రెలు విచ్చి ఉంది. నాలుగు బకెట్లు పోశాం, గుటగుటా తాగేసింది. కాసేపాగి చూస్తే అదే బల్బు భగ్గున వెలిగింది. ఫ్రిజ్‌లో కరెంటు ఎక్కడ లీకవుతోందో రేపు మెకానిక్కుకు చూపించమన్నాడు. అంతవరకు ప్లగ్గు తీసే ఉంచమన్నాడు.

"నేలలోకి కరెంటు పోదన్నావు. పోయింది కదరా" అన్నాను. కాస్త గర్వంగానే.

వాడు ఏమీ తగ్గలేదు. "కార్టూన్‌లోనూ అంతే మామయ్యా. కరెంటు పోకెమాన్ పికాచు కొడితే ఆనిక్స్‌కు మొదట ఏమీ కాలేదు. మంటలార్పే గొట్టాల్లోంచి నీళ్లు పడి అది తడిశాకే దెబ్బ తగిలింది."

ఆనిక్స్ అంటే రాయీ నేలా కలిసిన పాము. తడిసినందుకు అది ఓడిపోయింది, మా పెరడు తడవకపోతే పనికిరాదు. పట్టికలో నీరు నేలకు శత్రువు, కరెంటు నీటికి శత్రువు. మా ఇంట్లో మాత్రం నీరు, నేల ఒక జట్టు. ఎవరికి ఎవరు తోడుంటే ఏమవుతుందో రాసుకోవడానికి ఆ 324 గళ్లలో చోటు లేదు.

సాయంత్రం వాడే బకెట్టు మోసుకెళ్లి గుంటలో పోశాడు. సున్నా మాత్రం కొట్టెయ్యలేదు. పక్కన పెన్సిలుతో చిన్న నీటిబొట్టు బొమ్మ వేశాడు. ప్లగ్గు తీసే ఉందని ఎంత చెప్పినా అమ్మ ఫ్రిజ్ దగ్గరికి చెప్పులతోనే వెళ్లింది.